600 మందిని పడేసిన ఏలూరు వింత జబ్బు.. మూలం ఎందుకు చిక్కలేదు? లెజియనీర్స్ వ్యాధిని ఎలా పట్టుకున్నారు?

హైదరాబాద్: 2020 డిసెంబర్ 5. ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. నోట్లో నురగ, కళ్లు తిరగడం, వాంతులు. కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు. ఒకరు చనిపోయారు. కరోనా టెస్టు చేస్తే నెగెటివ్. మరి ఏంటీ జబ్బు?

జవాబు కోసం రంగంలోకి దిగిన సంస్థల్లో మూడు మన తార్నాక చుట్టుపక్కలవే. ఉస్మానియా యూనివర్సిటీ పక్కనున్న జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, ఉప్పల్ రోడ్డులోని ఐఐసీటీ, సీసీఎంబీ. వారాసిగూడ నుంచి ఆటోలో వెళ్లొచ్చేంత దూరం!

అయితే ఇలాంటి వెతుకులాట ల్యాబ్‌లో మొదలవదు. ఎప్పుడు పడిపోయారు, ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు.. ముందు బాధితులను అడగాల్సింది ఇవే. ఏలూరులో మొదటి అనుమానం మున్సిపల్ నీళ్ల మీదే. కానీ ఆ నీళ్లు అందని ఏరియాల్లోనూ కేసులు వచ్చాయి. పైగా చాలా ఇళ్లల్లో ఒకరిద్దరికే వచ్చింది. అంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు.

బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. ఎన్ఐఎన్ పరీక్షల్లో పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. చివరికి పురుగుమందులే ప్రధాన కారణమని ప్రభుత్వ సమీక్షలో తేల్చారు. కానీ అవి ఒంట్లోకి ఏ దారిన వెళ్లాయి? కూరగాయలా, నీళ్లా, ఇంకేదైనానా? అది మాత్రం తేలలేదు. విషం పేరు దొరికినా, దారి దొరక్కపోతే సగం పనే అయినట్టు.

లెజియనీర్స్‌తో పోలికేంటి?

లెజియనీర్స్ వ్యాధి కూడా మొదట్లో ఇలాగే కంగారు పెట్టింది. 1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికులు ఒక హోటల్లో సభ పెట్టుకున్నారు. తర్వాత వరసగా న్యుమోనియా కేసులు. 34 మంది చనిపోయారు. లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా వల్లేనని 1977 జనవరిలో గానీ ప్రకటించలేకపోయారు. అప్పటికే ఆ హోటల్ మూతపడింది.

ఈ బ్యాక్టీరియా గోరువెచ్చని నిల్వ నీళ్లలో పెరుగుతుంది. పెద్ద బిల్డింగుల ఏసీల కూలింగ్ టవర్లు, షవర్లు, ఫౌంటెన్లు దీనికి మంచి అడ్డాలు. అక్కడి నుంచి లేచే సన్నటి తుంపరలు పీల్చితే జబ్బు వస్తుంది. టవర్ నుంచి గాలికి కొట్టుకొచ్చే తుంపరలు పక్క వీధులకూ చేరతాయి. కాబట్టి ఆ బిల్డింగులో అడుగుపెట్టనివాళ్లకూ రావచ్చు. అందుకే రోగుల ఇళ్లు, తిరిగిన చోట్లు మ్యాప్ మీద గుర్తించి, మధ్యలో ఏముందో చూస్తారు.

2015లో న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌లో 138 మందికి వచ్చింది, 16 మంది చనిపోయారు. ఏరియాలోని కూలింగ్ టవర్లన్నీ వెతికారు. చాలా వాటిలో లెజియోనెల్లా ఉంది! ఏది దోషి? రోగుల కఫంలోని బ్యాక్టీరియా జన్యువులను టవర్ల నీళ్లలోని వాటితో పోల్చారు. ఒక హోటల్ టవర్‌తో అచ్చంగా సరిపోయింది. ఏలూరులో దొరకనిది ఈ లంకే.

ఎక్కడ తప్పిపోతుంది?

చాలామటుకు మూత్ర పరీక్షతోనే సరిపెడతారు. రిజల్ట్ త్వరగా వస్తుంది, నిజమే. కానీ అది ప్రధానంగా ఒక రకం లెజియోనెల్లానే పట్టుకుంటుంది, టవర్‌తో పోల్చడానికీ పనికిరాదు. కఫం కల్చర్ కూడా ఉండాలి, వీలైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. అలాగని మందులు ఆలస్యం చేయకూడదు. ఇంకో పొరపాటు.. కంగారులో శాంపిల్ తీయకుండానే టవర్‌లో క్లోరిన్ కొట్టేయడం. దాంతో సాక్ష్యమే పోతుంది. ముందు శాంపిల్, వెంటనే క్లీనింగ్.

జబ్బు లక్షణాలు సాధారణంగా 2 నుంచి 14 రోజుల్లో బయటపడతాయి. ఎక్కువ జ్వరం, దగ్గు, ఆయాసంతో ఆస్పత్రికి వెళ్తే, గత రెండు వారాల్లో ఏ హోటల్లో దిగారో, ఏ ఆస్పత్రిలో ఉన్నారో డాక్టర్‌కి చెప్పండి. అడక్కపోయినా చెప్పండి.