హోటల్ పనికి పూచీ ఎవరిది?

ఓరుగల్లు వీధుల్ని కళ్ళకు కట్టించే పాతకాలపు వీథి నాటకం క్రీడాభిరామంలో ఒక పూటకూటి ఇల్లుంది. రూక పెడితే కడుపారా భోజనం. ఏమేం వడ్డించారో కవి నోరూరేలా చెప్పాడు. ఎవరు వండారో, పనిచేసినవాళ్ళకు ఏం ముట్టిందో చెప్పలేదు. అప్పటికది కొలువు కాదు, ఇంటిపని. ఇంట్లో పదిమందికి వండే చేతులే మరో పాతికమందికీ వండేవి.

గురజాడ నాటకం కన్యాశుల్కం 1892లో మొదట ఆడి, 1897లో అచ్చయింది. అప్పటికి విజయనగరంలో ఆ పని చేస్తున్నది ఒక విధవ. నాటకంలో ఆమెకు పేరైనా లేదు, పూటకూళ్ళమ్మ, అంతే. భర్త పోయిన ఆడమనిషికి ఊరు వదిలిపెట్టిన కొద్దిపాటి బతుకుదారుల్లో అదొకటి. పనికి మనుషుల్ని వెతుక్కునే అవసరం ఆమెకు రాలేదు. ఆమె ఎవరో ఊరికి తెలుసు కాబట్టి ఆమె పెట్టిన ముద్ద నమ్మి తినేవారు. కొన్న బట్ట చిరిగితే అంగడికి తిరిగిచ్చేయొచ్చు, తిన్న ముద్దను ఏం చేస్తాం? అన్నం అమ్మే వ్యాపారంలో అసలు సరుకు ఆ నమ్మకమే. అందుకే ఈ వృత్తిలోకి మనిషిని తీసుకునేటప్పుడు "నీకేం వచ్చు?" అనే ప్రశ్న ఎప్పుడూ రెండోదే. మొదటిది "నిన్ను తెచ్చిందెవరు?" హోటల్ కొలువుల చరిత్ర మొత్తం ఈ మొదటి ప్రశ్నకు జవాబు మారుతూ వచ్చిన చరిత్రగానే నాకు కనిపిస్తుంది.

తెల్లదొరల లోకంలో ఈ పూచీ ముందే కాగితమెక్కింది. డాక్ బంగ్లా ఖాన్సామాలూ దొరల ఇళ్ళ బట్లర్లూ పాత యజమాని రాసిచ్చిన చీటీలను భద్రంగా దాచుకుని కొత్త యజమానికి చూపించేవారు. చీటీలో వంట సంగతికన్నా నిజాయితీ సంగతి, తాగుడు సంగతి ఎక్కువుండేవి. చదవడం రాక, తనను తిట్టిపోసిన చీటీనే గర్వంగా చూపించిన పనివాడి కథలు ఆనాటి ఆంగ్లో ఇండియన్ హాస్యంలో కొల్లలు. నవ్వుకునేది దొరే కాబట్టి కథ దొరవైపు నుంచే మిగిలింది.

1903 డిసెంబరు 16న బొంబాయిలో తాజ్ మహల్ హోటల్ తలుపులు తెరిచింది. పై కొలువుల్లో ఐరోపావాళ్ళు, వంటింట్లో గోవావాళ్ళు. గోమాంసం, పందిమాంసం ముట్టడానికి పట్టింపు లేని క్రైస్తవులు కాబట్టి ఓడల మీదా పెద్ద హోటళ్ళలోనూ వంటపని వాళ్ళ చేతికొచ్చింది. వాళ్ళ నియామక కార్యాలయం ఏదంటే 'కుడ్డు' అనే బస. గోవాలో ఒక్కో ఊరికి బొంబాయి ధోబీ తలావ్ చుట్టుపక్కల ఒక్కో కుడ్డు ఉండేది. పేరుకు కాసింత అద్దె, గోడవారగా ట్రంకు పెట్టెలు, ఒక మూల ప్రార్థనాపీఠం. ఓడ దిగినవాడూ ఓడ ఎక్కాల్సినవాడూ అక్కడే పడుకునేవారు. ఏ హోటల్లో ఖాళీ ఉందో, ఏ ఓడకు వంటవాడు కావాలో ఆ బసలోనే తెలిసేది. తాజ్ వంటగదిని ఏలి 'మాస్కీ'గా పేరుపడిన మిగెల్ ఆర్కాంజో మస్కరెన్హాస్ గోవా మనిషే.

తెలుగువాళ్ళకు దగ్గరగా తెలిసిన కథ మాత్రం ఉడిపిది. పూటకూళ్ళమ్మ చేతిలోంచి పట్నం భోజనాన్ని అందుకున్నది మగవాళ్ళు, అందులోనూ మన జిల్లాలవాళ్ళు కానివాళ్ళు. ఉడిపి అష్టమఠాల్లో వందలమందికి వండి వడ్డించే పని శివళ్ళి బ్రాహ్మణ కుటుంబాలకు అలవాటు. 1923లో నేత్రావతి వరద దక్షిణ కన్నడ జిల్లాను ముంచెత్తింది. అంతకుముందే మొదలైన వలస ఇంకా పెరిగింది. యజ్ఞనారాయణ మయ్యా, ఆయన సోదరులు బెంగళూరులో ఇళ్ళలో వంటలు చేస్తూ 1924లో కాఫీ క్లబ్బు తెరిచారు. అదే తర్వాత ఎమ్.టి.ఆర్. అయింది. మద్రాసులో వంటింటి చిల్లర పనులతో మొదలైన కె.కృష్ణారావు 1938లో వుడ్‌లాండ్స్ స్థాపించాడు. బ్రాహ్మణుడు వండినదని బోర్డు కడితే చాలా కులాలవాళ్ళు నిశ్చింతగా తినే కాలమది. అంటే కులమే పూచీకత్తు. ఆ బోర్డు వెనక వంటింట్లోకి మరో కులంవాడికి చోటు దొరకదన్నది కూడా అందులోనే ఉంది. ఉడిపి హోటళ్ళ రుచిని మెచ్చుకునే వ్యాసాలు ఈ మాటను సాధారణంగా దాటేస్తాయి.

ఆ హోటళ్ళలో మనిషి ఎలా తయారయ్యేవాడో చూడండి. ఊళ్ళో ఒక తండ్రి పన్నెండేళ్ళ కొడుకును బంధువుకో పక్కింటివాడికో అప్పగిస్తాడు. జీతం నేరుగా ఇంటికే వెళ్తుంది. కుర్రాడికి తిండి, రాత్రి అదే హోటల్లో పడక. మొదట బల్లలు తుడిచే క్లీనర్. తర్వాత పిండి రుబ్బే చోట, పొయ్యి పక్కన చేతిసాయం. మాట చురుకైతే సప్లయర్: నాలుగు బల్లలవాళ్ళు చెప్పిన పదహారు రకాలు కాగితం లేకుండా గుర్తుపెట్టుకుని వంటింటి కిటికీ దగ్గర ఒక్క గుక్కలో అరవాలి. చెయ్యి కుదిరితే దోసె మాస్టర్, స్వీట్ మాస్టర్. నమ్మకం కుదిరితే గల్లాపెట్టె. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు లెక్క నేర్చుకుని, నాలుగేళ్ళకో పదేళ్ళకో మరో ఊళ్ళో సొంత బోర్డు కట్టేవాడు, తన ఊరి నుంచి మళ్ళీ కుర్రాళ్ళను రప్పించుకునేవాడు. సిలబస్ లేదు, పరీక్ష లేదు, చదువు మాత్రం జరిగింది. బొంబాయిలో ఈ కుర్రాళ్ళ కోసం కన్నడ రాత్రి బడులు నడిచాయి. పగలంతా కప్పులు కడిగి రాత్రి పలకా బలపం పట్టినవాళ్ళలో కొందరు హోటల్ యజమానులయ్యారు, కొందరు గుమాస్తాలై ఆ వృత్తినే వదిలారు. ఈ నిచ్చెన చాలాకాలం నిలిచింది. పదమూడేళ్ళప్పుడు ఇల్లు విడిచి మహారాష్ట్రలో ఒక క్యాంటీనులో గిన్నెలు కడిగిన జయరామ్ బనన్ 1986లో ఢిల్లీలో సాగర్ హోటల్ తెరిచాడు. ఎక్కినవాళ్ళ కథలే మనకు అందుతాయి. నిచ్చెన మొదటి మెట్టు మీదే ముసలివాళ్ళైనవాళ్ళు ఎంతోమంది.

1974 తర్వాత కర్ణాటక భూసంస్కరణల్లో కౌలుకిచ్చిన భూములు పోయిన కుటుంబాలూ హోటళ్ళవైపు తిరిగాయి. ఆ సరికి బంట్లు మొదలైన కులాలవాళ్ళూ ఈ వ్యాపారంలో ఉన్నారు. బోర్డు మీద 'బ్రాహ్మణ' పోయి 'ఉడిపి' ఒక్కటే మిగిలింది. హైదరాబాదు ఇరానీ హోటళ్ళదీ ఇదే తీరు: యజ్ద్ ప్రాంతం నుంచి వచ్చినవాడు బంధువును పిలిపించుకునేవాడు, ఆ బంధువు మరొకణ్ణి.

వీటన్నిటి పక్కనే ఉత్తరాదిన మరో కథ సాగింది. 1922లో మోహన్ సింగ్ ఒబెరాయ్ సిమ్లాలో సెసిల్ హోటల్ మెట్లెక్కింది తెచ్చినవాళ్ళెవరూ లేకుండానే. నెలకు 50 రూపాయల గుమాస్తాగా చేరాడు. 1934లో భార్య నగలు కుదువపెట్టి క్లార్క్స్ హోటల్ కొన్నాడు. 1938లో, అంటువ్యాధి దెబ్బకు మూతపడిన కలకత్తా గ్రాండ్ హోటల్‌ను లీజుకు తీసుకున్నాడు. తనకు పూచీ పలికినవాడు లేకపోవడం వల్లనేమో, పూచీని బడి చేతిలో పెట్టాలన్న ఆలోచన మిగతా యజమానులకన్నా ఆయనకే ముందు వచ్చింది. ఒబెరాయ్ హోటల్ మేనేజ్‌మెంట్ బడి 1966లో మొదలైంది. హోటల్ కొలువుల్లోకి ఆడవాళ్ళను తీసుకోవాలన్న పట్టుదలా ఆయనదే.

అయితే ఈ దేశంలో మొదటి హోటల్ కాలేజీ హోటళ్ళ కోసం పుట్టలేదు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో 1893లోనూ, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1922లోనూ హోటల్ చదువు మొదలైంది హోటళ్ళవాళ్ళ అవసరం కొద్దీ. మన దగ్గర కారణం తిండిగింజల కరువు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలో బియ్యం, గోధుమ చాలక ప్రభుత్వం ప్రత్యామ్నాయ ఆహారాన్ని ప్రచారం చేస్తున్న రోజుల్లో, ఆహార మంత్రి కె.ఎం.మున్షీ భార్య లీలావతి మున్షీ నడిపిన అఖిల భారత మహిళా కేంద్ర ఆహార మండలి 'అన్నపూర్ణ' ఫలహారశాలలు తెరిచింది. తక్కువ సరుకుతో ఎక్కువమందికి పోషకాహారం వండడం నేర్పాలని 1954లో అదే మండలి బొంబాయిలో కేటరింగ్ కాలేజీ పెట్టింది. ఈ సంస్థలు చాలాకాలం ఆహార శాఖ కిందే ఉండి, 1982 ప్రాంతంలో పర్యాటక శాఖ చేతికి మారాయి. జాతీయ హోటల్ మేనేజ్‌మెంట్ మండలి ఏర్పడింది ఆ ఏడాదే. హైదరాబాదులో 1972లో ఫుడ్ క్రాఫ్ట్ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైనది తర్వాత పూర్తిస్థాయి హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ అయింది. ఈ సంస్థల పూర్తి పేర్ల చివర 'అనువర్తిత పోషణ' అన్న మాట ఇప్పటికీ వేలాడుతోంది. ఐదు నక్షత్రాల హోటల్లో చేరబోయే పిల్లవాడి పట్టా మీద కరువుకాలపు ముద్ర అన్నమాట.

పూటకూళ్ళమ్మ వారసురాళ్ళు మళ్ళీ ఈ వృత్తిలో కనిపించింది ఈ కాలేజీల గుండానే. వంటింట్లోకి తక్కువగానూ, రిసెప్షన్ బల్ల దగ్గరకు, గదుల నిర్వహణలోకి ఎక్కువగానూ. వేల ఏళ్ళుగా ఇంటి పొయ్యి దగ్గర నిలబెట్టిన మనిషిని జీతమిచ్చే పొయ్యి దగ్గరకు రానివ్వకపోవడం ఈ పరిశ్రమ ఘనత.

పట్టా రాగానే "నిన్ను తెచ్చిందెవరు?" అన్న ప్రశ్న ఆగిపోయిందా? పై అంతస్తుల్లో చాలావరకు ఆగింది. కాలేజీ క్యాంపస్‌కే హోటళ్ళు వచ్చి ఎంపిక చేసుకోవడం, ఒక సెమిస్టరు హోటల్లో శిక్షణ, ఆపైన ఉద్యోగం. ఆ శిక్షణ పేరుతో కుర్రాళ్ళ చేత చౌకగా చాకిరీ చేయించుకుంటారన్న మాట విద్యార్థుల నోట ఎప్పుడూ ఉన్నదే. చదువులోనూ ఒక చిక్కుంది. పాఠాలు ఫ్రెంచి సాస్‌ల మీద, ఫ్రెంచి షెఫ్ ఎస్కాఫియే నేర్పిన వంటగది క్రమం మీద నిలబడ్డాయి. 1970లలో ఐటీసీ హోటళ్ళు దేశీ వంటతో పేరు తెచ్చుకోదలిస్తే ఆ చదువు సరిపోలేదు. లక్నోలో తరతరాల వంటవాళ్ళ కుటుంబం నుంచి వచ్చిన ఇమ్తియాజ్ ఖురేషీని తెచ్చుకున్నారు. చిన్నప్పుడే పెద్దవాళ్ళ పొయ్యిల దగ్గర పనిలో పడిన మనిషికి 2016లో పద్మశ్రీ వచ్చింది. కులవృత్తి పూచీ కాలేజీ పట్టాను దాటి ఐదు నక్షత్రాల వంటింట్లోకే వెళ్ళిందన్నమాట.

పూచీనీ యజమానినీ రెంటినీ కాదన్న ప్రయోగం ఒకటుంది. 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లు మూసేస్తే, వీధిన పడిన పనివాళ్ళు కమ్యూనిస్టు నేత ఎ.కె.గోపాలన్ అండతో సహకార సంఘాలు కట్టారు. మొదటిది 1957లో బెంగళూరులో. వడ్డించేవాళ్ళే భాగస్వాములు. పట్టాలేని మనిషి నిర్వాహకుడు కావడానికి అక్కడ ఉడిపి నిచ్చెనే దొరికింది, దాని చివర సొంత బోర్డుకు బదులు ఉమ్మడి బోర్డు.

కింది మెట్టు కథ వేరు. పన్నెండేళ్ళ కుర్రాణ్ణి బంధువుకు అప్పగించే ఆచారానికి 2006 అక్టోబరు 10న చట్టం అడ్డుపడింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని హోటళ్ళు, ధాబాలు, టీకొట్లలో పెట్టుకోవడం ఆ రోజు నుంచి నేరం. చేయాల్సిన పనే, ఆలస్యంగా చేశారు. కానీ ఆ మెట్టు మీద పని నేర్పే పద్ధతి కూడా దాంతోనే పోయింది, దాని స్థానంలో మరొకటి సిద్ధంగా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఉపాధి కల్పన మిషన్ పల్లె యువతకు నేర్పిన పనుల్లో హోటల్ పనీ ఒకటి. కేంద్ర పర్యాటక శాఖ 2009-10లో 'హునర్ సే రోజ్‌గార్' తెచ్చింది: ఎనిమిదో తరగతి చదివినవాళ్ళకు వంటలో 8 వారాలు, వడ్డనలో 6 వారాలు. నిచ్చెన మీద ఏళ్ళు పట్టిన చదువు వారాల్లోకి కుదించారు. పాత్ర పట్టుకోవడం, టోపీ పెట్టుకోవడం, "గుడ్ ఈవెనింగ్ సర్" అనడం ఆరు వారాల్లో వస్తాయి. మసాలా వాసన పట్టి ఉప్పు సరిచూడటం రాదు.

అందుకే మన ఊళ్ళ హోటళ్ళలో నియామకం ఇప్పటికీ నోటిమాట మీదే నడుస్తోంది. టిఫిన్ మాస్టర్‌కు అడ్వాన్సు ముట్టజెప్పి కుదుర్చుకుంటారు. తన సహాయకుల్ని ఆయనే వెంట తెచ్చుకుంటాడు, మానేస్తే వాళ్ళతో సహా పోతాడు. పెళ్ళిళ్ళ సీజన్‌లో కాలేజీ కుర్రాళ్ళు రోజుకూలి మీద కేటరింగ్ బాయ్స్ అవుతారు. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, కబురు వాట్సాప్‌లో. హైదరాబాదు వంటిళ్ళలో ఒడియా, బెంగాలీ, అస్సామీ, నేపాలీ మాటలు వినబడతాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌కు ఆ వలస పనివాళ్ళు ఇళ్ళకు పోతే, తెరుచుకున్నాక చాలా హోటళ్ళు మనుషుల్లేక మెనూ తగ్గించుకున్నాయి. యజమానులు అప్పుడు ఫోన్ చేసింది ఏ కాలేజీకీ కాదు, ఏ శిక్షణ కేంద్రానికీ కాదు. ఊరికి పోయిన పాత మాస్టర్‌కు: "నువ్వు రా, నలుగుర్ని వెంటబెట్టుకుని రా."

ఇక్కడే చట్టం తడబడుతోంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మిక చట్టం అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో వలస కార్మికులున్న చోటకు వర్తించింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. పాత చట్టం కళ్ళు కాంట్రాక్టరు మీదే ఉండేవి: లైసెన్సు ఆయనది, ప్రయాణ భత్యం బాధ్యత ఆయనది. హోటల్‌కు నలుగుర్ని తెచ్చిన మాస్టర్ కాగితం మీద కాంట్రాక్టరు కాదు, తోటి పనివాడు. వాళ్ళ జీతం ఆగినా, చెయ్యి కాలినా, మొదట నిలదీసేది అతన్నే. అతని దగ్గర చూపించడానికి ఏ కాగితమూ ఉండదు.