సర్కారు తుమ్మ నుంచి కరెంటు దాకా



మొన్న ఒక గ్రామానికి వెళ్ళినప్పుడు ఒక పెద్ద రైతు నన్ను వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఒక మాట అడిగినాడు. "సారూ, కట్టెతో కరెంటు తీస్తారట గదా! నాకున్న మూడెకరాల చెలకలో చెట్లు వేస్తే కొంటామని ఒకాయన చెప్పి పోయినాడు. వెయ్యమంటారా, వద్దంటారా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. మిరప వేయమంటే అది ఒక ఏడాది మాట. చెట్టు వేయమంటే నాలుగేళ్ళ మాట. ఆ నాలుగేళ్ళూ ధర నిలుస్తుందా, కొనేవాడు నిలుస్తాడా అన్నది మన చేతిలో లేదు. ప్రభుత్వ విధానాన్ని బట్టి ఉంటుంది. అందుచేత ఆ విధానం ఎట్లా వచ్చినదో, ఎట్లా నడిచినదో ఇవాళ మనవి చేస్తాను.

కట్టె విషయంలో సర్కారు పూనుకోవడం కొత్త సంగతి కాదు. మన చేలగట్ల మీద, చెరువు కట్టల మీద పెరిగే సర్కారు తుమ్మనే చూడండి. దాని పేరులోనే సర్కారు ఉన్నది. 1877లో బెడ్డోమ్ అనే అటవీ అధికారి పూనికతో జమైకా దీవి నుంచి విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించినారు. వాన తక్కువ నేలల్లో వంటచెరకు దొరకాలని వారి ఉద్దేశం. వంటచెరకు దొరికింది, దానితో పాటు వదలని కంప కూడా వచ్చింది. నరికితే మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. పశువులు కాయలు తిని పేడతో విత్తనాలు చల్లుతాయి. ఒక తరం మేలనుకున్నది మరొక తరానికి బెడదయింది.

కట్టె బొగ్గుతో యంత్రాలను నడపటం కూడ మన పెద్దలు ఎరుగుదురు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువై, బస్సుల వెనుక బొగ్గు పొయ్యి అమర్చి, దాని గ్యాసుతో నడిపించినారు. యుద్ధం ముగిసి పెట్రోలు రాగానే ఆ పొయ్యిలు పోయినవి. అవసరం పుట్టించిన పద్ధతి అవసరంతోనే పోయినదన్న మాట.

ఇక కరెంటు సంగతి. 1993లో కేంద్రంలోని సంప్రదాయేతర ఇంధన వనరుల మంత్రిత్వశాఖ రాష్ట్రాలకు ఒక సలహా పంపింది. కట్టె, ఊక, చెరకు పిప్పి వంటి వాటితో తీసిన కరెంటును యూనిట్‌కు 2 రూపాయల 25 పైసలకు కొనండి, 1994-95 మొదలు ఏటా నూటికి ఐదు చొప్పున ధర పెంచండి అని ఆ సలహా. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లోను, 1998లోను ఉత్తర్వులిచ్చి ప్రోత్సాహకాలు ప్రకటించింది. దానితో జిల్లాలలో ప్లాంట్లు లేచినవి.

2001లో విద్యుత్ నియంత్రణ మండలి, ఈ కరెంటును ఇతరులకు అమ్మరాదు, ట్రాన్స్‌కోకే అమ్మాలని ఆదేశించింది. 2003-04 నాటికి ధర సుమారు 3 రూపాయల 48 పైసలకు చేరింది. 2004లో మండలి పాత లెక్క మాని, స్థిర వ్యయం వేరు, ఇంధన వ్యయం వేరు అని కొత్త లెక్క కట్టి ధర తగ్గించింది. ప్లాంట్ల వారు వ్యాజ్యానికి పోయినారు. ఆ తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2010లో మళ్ళీ విచారణకు వచ్చింది. చూడండి, 2004లో నాటిన సరుగుడు ఈలోగా కోతకు వచ్చి, రెండో తోట కూడ ఎదిగి ఉంటుంది. ధర తగాదా మాత్రం తేలలేదు.

ఇంతలో ఇంధనం చిక్కు వచ్చిపడింది. ఎండిన కట్టె సుమారు కిలో నుంచి కిలోన్నర దాకా కాలిస్తే గాని ఒక యూనిట్ రాదు. ఒక్క మెగావాటు ప్లాంటు రాత్రింబవళ్ళు నడిస్తే రోజుకు 24,000 యూనిట్లు. కిలోంబావు లెక్కన చూసినా రోజుకు 30 టన్నులు కావాలి. ఆరు మెగావాట్లయితే 180 టన్నులు! ఒకనాడు రైసుమిల్లు దగ్గర కుప్పగా పడి ఉండే ఊకకు, నలుగురు కొనేవారు రాగానే రేటు పెరిగింది. కంపను నరికించి, దూరం నుంచి లారీలలో తెచ్చేసరికి కూలీ, కిరాయి తడిసి మోపెడయినవి. కొన్ని ప్లాంట్లు మూతపడినవి.

మరి ఏ కట్టె పునరుత్పాదకం? 2009లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి దీనికి నిర్వచనం ఇచ్చింది. పంట వ్యర్థాలు, ఊక, పొట్టు, ఇంధనం కోసమే పెంచిన తోటల కట్టె, అడవి పొదలు, కలుపు కంప, పరిశ్రమల చెక్క వ్యర్థం దానిలోకి వస్తవి. నిలువెత్తు అడవిని నరికి తెచ్చిన కట్టెకు దానిలో చోటు లేదు. ఇది మంచి నియమమే. చెట్టు కాలేది గడియలో, మళ్ళీ పెరిగేది ఏళ్ళలో. పెరిగినంతే కాల్చితేనే అది తరగని నిధి.

ఇంకొక సంగతి. యూనిట్ కరెంటులో ఉండే వేడి 860 కిలోకేలరీలు. ఆ మండలి లెక్కలో యూనిట్‌కు సుమారు 4,000 కిలోకేలరీల కట్టె కాలుస్తారు. అంటే అయిదు వంతుల వేడిలో ఒక వంతే కరెంటు అవుతున్నది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో, కట్టె వేడిలో నూటికి 60 వంతులు వినియోగిస్తేనే పూర్తి ప్రోత్సాహం, 50 అయితే సగం అని నియమం పెట్టింది. కరెంటు తీసి, మిగిలిన వేడిని కూడ వాడుకునే చోటే కట్టె కాల్చటం లాభమని వారి లెక్క.

ఇప్పుడు ఆ పెద్ద రైతుకు నేను చెప్పిన జవాబు వినండి.

"పెద్దయ్యా, మూడెకరాలూ ఒక్కరి మాట మీద పెట్టవద్దు. ముందు గట్ల మీద, పంట సరిగా రాని మూలల్లో వేయి. ఒప్పందం కాగితం మీద ఉండాలి. పచ్చికట్టెలో ఇంచుమించు సగం నీరే. తేమకు ఎంత తరుగు తీస్తారో, కిరాయి ఎవరిదో ముందే రాయించు. ఆ ప్లాంటు మూతపడితే కాగితం మిల్లుకో, కర్రల వ్యాపారికో అమ్ముడుపోయే జాతినే ఎంచు. పత్తికట్టె, మిరపకట్టె అంతా అమ్ముకోవద్దు. కొంత భూమికి వదిలితేనే నేలలో సత్తువ నిలుస్తుంది. సర్కారు తుమ్మను అమ్ముకో గాని, మొదలు పెకలించి అమ్ము. కొత్తగా మాత్రం నాటవద్దు."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఈ ఏడు గట్ల మీదనే వేస్తా, సారూ" అన్నాడు.

మంచి ఆలోచన. ప్రభుత్వం ధర కడుతుంది, మార్చుతుంది. భూమి మాత్రం రైతుదే. నాలుగేళ్ళు కాచుకొని కూర్చోవలసినదీ రైతే. కాబట్టి లెక్క కూడ రైతే ముందుగా వేసుకోవాలి.