యేసు నోట పెట్టిన మాటలు

ఒంగోలు మాదిగలు కూలి గింజల కోసం యేసులో కలిశారని ఎకసెక్కం చేస్తారు. కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పని ఇప్పించాడు గానీ బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జులై 3 ఒక్కనాడే గుండ్లకమ్మలో 2,222 మంది మునిగారు. అంటరానోళ్లని ముట్టుకున్న దేవుడని నమ్మారు.

ఆ దేవుడి నోట తర్వాత ఏ మాటలు పెట్టారు? మా గూడెం గుడిలో అయ్యగారు, "పనోళ్లు యజమానికి లోబడాల, అధికారుల్ని ఎదిరించకూడదు, ఆడోళ్లు సంఘంలో నోరెత్తకూడదు, యేసయ్య సెప్పాడు" అనేవారు. కూలి పెంచమని ఆసామిని అడగటానికి మా అమ్మ జంకేది.

చదువొచ్చాక వెతికాను. మొదటిది ఎఫెసీయుల పత్రిక 6లో, రెండోది రోమీయుల పత్రిక 13లో, మూడోది కొరింథీయుల మొదటి పత్రిక 14లో ఉన్నాయి. అన్నీ పౌలు పేరున్న ఉత్తరాలే. సువార్తల్లో యేసు ఆ మాటలు అనలేదు. లూకా 4లో, నజరేతులో ఆయన చదివి వినిపించింది బీదలకి మంచి కబురు, చెరలో ఉన్నోళ్లకి విడుదల.

ఈ జాగ్రత్త మనకీ కావాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవుల్ని ఎస్సీలు కారంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, మనల్ని చేర్చలేదు. రిజర్వేషన్ ఇమ్మని యేసు చెప్పాడని మాత్రం అనొద్దు. అది మన హక్కు. మన నోటితోనే అడుగుదాం.