కాటిసీను పద్యం ఎవరిది?

శావల్యాపురం నుంచి వినుకొండ ఎంతో దూరం కాదు. ఆ వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా రాసిన ‘శ్మశానవాటి’ పద్యాలు వినబడని పల్లె మా పల్నాడులో అరుదు. కాకపోతే జనం నోట అవి ‘హరిశ్చంద్ర పద్యాలు’. చావింటి దగ్గర మైకులో అవే మోగుతాయి. ఎవరు రాశారంటే చాలామంది చెప్పలేరు.

బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో ఈ పద్యాలు లేవు. కాటిసీను కోసం నటులు జాషువా ఖండకావ్యం నుంచి తెచ్చి కలుపుకున్నారు. వాళ్లు రాగం తీస్తే జనం వన్స్‌మోర్ కొట్టారు. అలా ఊరూరా పేరుపడ్డాకే సినిమా వాటిని తీసుకుంది. 1965లో కె.వి.రెడ్డి ‘సత్య హరిశ్చంద్ర’లో అవి ఘంటసాల గొంతుతో ఎన్.టి.రామారావు నోట పలికాయి.

ఇక్కడే అర్థం మారింది. కావ్యంలో మాట్లాడేది కవి. రాజూ బిచ్చగాడూ ఒకే మట్టిలో కలిసే చోటును చూస్తూ, అస్పృశ్యత తిరగడానికి ఇక్కడ తావు లేదంటాడు. అది వైరాగ్యం కాదు, బతికుండగా దొరకని సమానత్వం మీద వేసిన నింద. అదే పద్యాన్ని కిరీటం పోగొట్టుకున్న రాజు పాడితే, మనం రాజు కోసం ఏడుస్తాం. రాజు కాటికాపరి కావడం ఆ కథలో ఘోర విషాదం. మరి పుట్టుకతోనే కాటికాపరి అయినవాడి సంగతి? వాడికి వీరబాహు వేషం, కల్లుకుండ, నవ్వులాట. పద్యం మాత్రం మనవాడిది!

ఇంకో సంగతి చెప్పాలి. జాషువా కుర్రతనంలో, 1915-16 ప్రాంతంలో, రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశాడు. తెర మీద బొమ్మ కదులుతుంటే వెనక నుంచి కథ చదివే పని. గొంతు వినబడుతుంది, మనిషి కనబడడు. యాభై ఏళ్ల తర్వాతా అదే జరిగింది.

‘మా భూమి’ (1979) దారి వేరు. తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన పాటను అందులో గద్దర్ స్వయంగా తెర మీదకొచ్చి పాడాడు. గోచీ, గొంగడి, గజ్జె అన్నీ పాటతోపాటే వచ్చాయి. నిజాం మీద కట్టిన ఆ పాట సినిమా తర్వాత ఏ దొర మీదైనా పాడుకునే పాటయింది. అయినా అక్కడ కూడా యాదగిరి పేరు వెనకబడింది. చాలామందికి అది గద్దర్ పాటే.