విభూది బుధవారం
కతోలికుల తపస్సుకాలం మొదలయ్యే రోజు. ఏలూరు మేత్రాసనం గుడుల్లోనూ ఆనాడు గురువు, కిందటేటి మట్టలు కాల్చిన బూడిదను విశ్వాసుల నొసట పెడతారు. అదే పూజలో మత్తయి సువార్త 6వ అధ్యాయం చదువుతారు: దానం, ప్రార్థన, ఉపవాసం నలుగురి మెప్పు కోసం చేయవద్దని, ఉపవాసమున్నవాడు తలకు నూనె రాసి ముఖం కడుక్కోవాలని యేసు చెప్పిన భాగమిది. నొసటి బూడిద మాత్రం అందరికీ కనిపిస్తుంది. అయినా అది భక్తికి గుర్తింపు బిళ్ల కాదు, తానూ మట్టేనన్న ఒప్పుకోలు. లూకా సువార్త 18వ అధ్యాయంలోని ఉపమానంలో కూడా పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసమున్నాననడం అబద్ధమని యేసు అనలేదు. తనలాగే గుడికి ప్రార్థనకు వచ్చిన సుంకరిని చిన్నచూపు చూడటమే అతణ్ని చెరిపింది. విభూది బుధవారం ఉపవాసంతోపాటు మాంసం నిషేధం కూడా ఉంది, చేపకు అడ్డు లేదు. చేపల చెరువుల మధ్య బతికే కొల్లేటి ఊళ్లలో కొర్రమేను పులుసుతో నియమం తీరుతుంది, ఉపవాసం తీరదు.