నట వారసుడు

కొత్త హీరో వస్తున్నాడంటే పోస్టర్ మీద రెండు మాటల్లో ఒకటి పడుతుంది. ఊరూ పేరూ తెలియని కుర్రాడైతే ‘నూతన పరిచయం’. పెద్దింటి అబ్బాయైతే ‘నట వారసుడు’. నాకు పేచీ ఈ రెండోదానితోనే.

‘వారసుడు’ చెవికి సంస్కృతంలాగే తగులుతుంది. ఔరసుడికి చుట్టమేమో అనిపిస్తుంది కూడా. కాదు. ఔరసుడు ఉరస్సు నుంచి పుట్టినవాడు, కన్నకొడుకు. వారసుడేమో అరబ్బీ ‘వారిస్’; ఉర్దూ మీదుగా కచేరీలకూ దస్తావేజులకూ చేరి, మన ‘డు’ తగిలించుకున్నాడు. దానికి ‘త్వం’ అతికించి వారసత్వం చేశాం. ఇదే అర్థానికి సంస్కృతం ఇచ్చిన మాట దాయం. అందులో పాలున్నవాడు దాయాది. ఆ పాలు పుట్టుకతోనే వస్తుందంటుంది ధర్మశాస్త్ర వ్యాఖ్య మితాక్షర. ఏ భాషదైనా ఇది ఆస్తి మాట: పొలం, ఇల్లు, బంగారం, వాటితోపాటు అప్పు. ఈ పద్దులోకి నటన ఎప్పుడు చేరిందో!

నిజానికి చేరలేదు. సినిమా ఇంట్లో పుట్టినవాడికి దక్కేవి వేరు: స్టూడియో, పండగనాడు థియేటర్లు, తండ్రి అభిమానులు, అన్నిటికంటే విలువైన రెండో అవకాశం. హైదరాబాద్ కృష్ణానగర్‌లో అద్దె గదిలో ఉంటూ ఫొటోలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాడికి మొదటి సినిమా పోతే కథ అక్కడితో సరి. వారసుడికి మూడు పోయినా నాలుగోదానికి కొబ్బరికాయ కొడతారు. తండ్రి అప్పు కొడుకు తీర్చాలంది ధర్మశాస్త్రం. ఇక్కడ మాత్రం లాభం ఇంటికి, నష్టం బయ్యర్‌కి.

ఇంకో విచిత్రం. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1986లో రాష్ట్రంలో చట్టం తెచ్చింది ఎన్టీఆర్ ప్రభుత్వం. ఆయన ఏలిన పరిశ్రమలోనే ‘నట వారసురాలు’ అన్న మాట పోస్టరెక్కడం అరుదు.

1965లో ఆదుర్తి సుబ్బారావు ‘తేనె మనసులు’ను కొత్తవాళ్లతో తీశారు. బుర్రిపాలెం కృష్ణ అలా హీరో అయ్యారు. 1993లో వచ్చిన ‘వారసుడు’లో అక్కినేని వారి అబ్బాయి నాగార్జునకు తండ్రిగా వేసింది ఆ కృష్ణే. నిన్నటి నూతన పరిచయమే నేటి వంశకర్త. తప్పు కుటుంబాలది కాదు, వెనకాలే తలుపు మూసుకోవడానిది. తెరిచినవాళ్లూ లేకపోలేదు. తెరకు కొత్తవాళ్లైన స్థానికులతో తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ను 2018లో జనం ముందుకు తెచ్చింది రామానాయుడి మనవడు రానా. వారసత్వాన్ని అలా కూడా ఖర్చుపెట్టవచ్చు.

పోస్టర్లు రాసేవారికి ఒక మనవి. ‘ఫలానా వారి వారసుడు’ అని ఎంత పెద్ద అక్షరాలతోనైనా వేసుకోండి, అది నిజమే. ‘నట’ మాత్రం తీసేయండి. తగినవాడైతే నాలుగు సినిమాల తర్వాత ప్రేక్షకులే చేరుస్తారు.