చెరువూ, కట్టా, చిత్రకారుడూ

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్టమీద కూర్చుని ఒక ఉదయం నేను నీటిరంగులతో బొమ్మ వేస్తున్నాను. ఎదుట నీళ్లు, నీళ్ల అవతల బండరాళ్ల గుట్టలు, వాటిపైన పలచని మబ్బు. గొర్రెలు తోలుకుపోతున్న ఒక వృద్ధుడు నా వెనుక ఆగి చాలాసేపు చూశాడు. "నీళ్లు మంచిగనే ఏసిన్రు సారూ! గని నీళ్లను ఆపినదాన్ని ఏయకపోతిరి" అన్నాడు. అని చేతికర్రతో నేను కూర్చున్న నేలను తట్టి చూపించాడు.

నిజమే. నా బొమ్మలో కట్ట లేదు. నేను దానిమీదనే కూర్చున్నాను గదా!

ఆరుబయట కూర్చుని, కంటికి కనిపించినదాన్ని కనిపించినట్టు చిత్రించడమే సత్యమని మనం అనుకుంటాం. కాని చిత్రకారుడు యెక్కడ కూర్చుని చూస్తున్నాడో ఆ చోటు మాత్రం బొమ్మలోకి రాదు. ప్రకృతి చిత్రణ చరిత్రను ఈ దృష్టితో ఒకసారి తిరగవేసి చూడవలసి వుంది.

మన పాత చిత్రకారులు ఆరుబయట కూర్చుని దృశ్యాలు గీయలేదు. చేర్యాల నకాషీల పటాలలో చెట్టూ, కొండా, యేరూ కథకు గుర్తులు మాత్రమే. అది చేతగానితనం కాదు. పటం ముందు కూర్చున్న జనానికి కావలసింది కథ. ఆ చెట్టును వారు రోజూ చూస్తూనే వున్నారు.

చూడనివారికోసం దృశ్యం గీసే పని మనదేశంలో పరాయి పాలనతోపాటు బలపడింది. 1786 లో వచ్చిన థామస్ డేనియల్, ఆయన సోదరుని కొడుకు విలియం, దేశమంతా తిరిగి గుడులూ, కోటలూ, కొండలూ గీసుకుని 1793 లో వెళ్లిపోయారు. 1795 మొదలు లండన్‌లో వాటిని అచ్చొత్తి అమ్మారు. కంపెనీ సైనికాధికారులకు దృశ్యాలు గీయడం శిక్షణలో భాగంగా వుండేది. ఆ చేతులు నేర్పుగలవే, సందేహం లేదు. అయితే ఆ కన్ను దారినపోయేవాడి కన్ను, కొన్ని సందర్భాలలో కొలతలు తీసుకునేవాడి కన్ను.

ఐరోపాలో ఆరుబయటి చిత్రణకు ఊపునిచ్చింది ఒక చిన్న వస్తువు. అంతకుముందు నూనెరంగులను పందితిత్తులలో నింపి దాచేవారు. 1841 లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు పిండితే రంగు వచ్చే తగరపు గొట్టం తయారుచేసి హక్కుపత్రం పొందాడు. రంగులను జేబులో వేసుకుని చిత్రకారుడు పొలానికి పోగలిగాడు. 1874 లో పారిస్‌లో ప్రదర్శన పెట్టిన మోనే, పిస్సారో మొదలైనవారికి ఇది అక్కరకు వచ్చింది. కాని కోతలయిన పొలంలో పరిగె యేరుకునే స్త్రీలను 1857 లో ప్రదర్శించిన మిల్లే తన చిత్రాలను ప్రధానంగా గదిలోనే పూర్తిచేశాడు. అయినా ఆయన పొలంలో మనిషి వున్నాడు. ఎండలో కూర్చున్నంత మాత్రాన నిజం చేతికి రాదన్నమాట.

మన తెలుగుదేశంలో ఈ కథ రాజమండ్రిలో మొదలయింది. అక్కడి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. విద్యార్థులను గోదావరి ఒడ్డుకు వెంటబెట్టుకుపోయేవాడు. ఆయన ప్రోత్సాహంతోనే దామెర్ల రామారావు బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లాడు. తిరిగివచ్చి, తన ఊళ్లోనే శిష్యులను చేరదీశాడు. 1925 లో మశూచి ఆయనను తీసుకుపోయేనాటికి ఇరవైయెనిమిదేళ్లు నిండలేదు. గురువు చూపిన నదినే శిష్యుడూ గీశాడు. కాని ఆ ఒడ్డున పుట్టి పెరిగినవాడుగా గీశాడు. నదితోపాటు రేవులోని జనాన్నీ గీశాడు. కన్ను మన ఇంటిది కావడమే ఇక్కడ వచ్చిన మార్పు.

ఇంతటితో తృప్తిపడవచ్చునా? రాజమండ్రి దగ్గర సముద్రంలా కనిపించే ఆ గోదావరి కేవలం ప్రకృతి కాదు. 1847-1852 మధ్య కాటన్ నాయకత్వాన ధవళేశ్వరంలో వేలాది కూలీలు రాయి మోసి కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన నీరది. మన చిత్రకళ మురిసిపోయిన ఆ అందంలో కూలివాడి భుజం వుంది.

ఇబ్రహీంపట్నం చెరువు సంగతీ అంతే. 1550 నుంచి 1580 వరకు గోలకొండను యేలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలంనాటిది ఇది. రాజు పేరు ఊరికి నిలిచింది. తట్టలతో మట్టి మోసినవారి పేరు ఒక్కటీ నిలవలేదు. కట్ట, తూము, మత్తడి, ఆయకట్టు - ఇవే వారి సంతకాలు. ఈనాడు హైదరాబాదు నగరం సాగర్ రోడ్డు వెంట ఇక్కడిదాకా వచ్చింది. ప్లాట్లు అమ్మేవారికీ చెరువు "దృశ్యం" గానే పనికివస్తున్నది. కట్టను మరచిన బొమ్మకూ ఆ ప్రకటనలోని బొమ్మకూ తేడా యేమున్నది? చెరువును అందంగా మాత్రమే చూడటం నేర్చుకున్నవారికి, అందం మిగిలి ఆయకట్టు పోయినా నష్టం తెలియదు.

కాబట్టి ఆరుబయటి చిత్రణ మానమని నేను అనను. మరింతగా చేయాలి. రెండుగంటలలో నీడ జరిగిపోతుంది. ఆ తొందర కంటికి మంచి క్రమశిక్షణ. అయితే కూర్చునే ముందు, కాళ్లకింది నేలను ఎవరు పోశారో అడిగి తెలుసుకోవాలి.

మరునాడు నేను కట్ట దిగి, తూము కిందికి పోయి పొలంగట్టున కూర్చున్నాను. అక్కడినుంచి నీళ్లు కనిపించవు. ఆకాశానికి అడ్డంగా కట్ట కనిపిస్తుంది, దాని కింద పచ్చని మడి కనిపిస్తుంది. నీళ్లున్నాయని ఆ పచ్చదనమే చెబుతుంది. ఆ బొమ్మ నాకు సరిగా కుదరలేదు. అయినా మొదటి బొమ్మను చింపివేసి, దీనినే దాచుకున్నాను.